పాత కారు సైలెన్సర్ బోల్ట్ బిగుసుకుపోతే
పాత మారుతి 800 లాంటి వాటికి సైలెన్సర్ బోల్ట్ తుప్పు పట్టి బిగుసుకుపోతే వెంటనే స్పానర్ వేసి బలంగా తిప్పకండి, తల అరిగిందంటే పని రెండింతలవుద్ది. ముందు రోజు రాత్రే వైర్ బ్రష్‌తో తుప్పు గీకి డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే ఆయిల్) కొట్టి వదిలేయండి, పొద్దున తల మీద సుత్తితో నాలుగు దెబ్బలేస్తే ఆయిల్ త్రెడ్‌లోకి (బోల్ట్ మరల్లోకి) దిగుద్ది. సాకెట్ (బోల్ట్ తల మీద టోపీలా ఎక్కే స్పానర్) కూడా లోపల 12 మూలలున్నది వద్దు, 6 మూలలదే వాడండి, అది తల మూలల్ని కాకుండా పక్కల్ని పట్టుకుంటుంది. ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, కదిలాక ఊడదీసే వైపు, మళ్ళీ వెనక్కి, అలా ఆడిస్తూ తీయాలి, ఓపికే ముఖ్యం ఇక్కడ. తల ఆల్రెడీ అరిగిపోయి 12 ఎంఎం సైజు సాకెట్ జారుతుంటే 11 ఎంఎం ది సుత్తితో కొట్టి ఎక్కించండి. వేడి చేస్తే కూడా వదులుద్ది గానీ ఆయిల్ కొట్టిన చోట, పెట్రోల్ పైపు దగ్గర మంట అస్సలు పెట్టొద్దండి ప్లీజ్.