స్పీకింగ్ పరీక్షకు స్వయంశిక్షణ – మూడవ పాఠం: రెండు నిమిషాల ప్రసంగంలో క్రియ స్థానం

మొదటి పాఠంలో ఐఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు సామర్థ్య పరీక్షలోని స్పీకింగ్ (మాట్లాడే) భాగం స్వరూపాన్ని, రెండవ పాఠంలో తొలి నాలుగైదు నిమిషాల పరిచయ ప్రశ్నలను చూశాం. ఈ పాఠం రెండవ భాగానికి, అంటే మాట్లాడవలసిన విషయం రాసి ఇచ్చే క్యూ కార్డుకు సంబంధించినది. 11 నుంచి 14 నిమిషాల పాటు సాగే ఈ పరీక్షలో ఎదుటివారి ప్రశ్నల ఆసరా లేకుండా మీరొక్కరే మాట్లాడవలసిన ఘట్టం ఇదొక్కటే కనుక, తెలుగువారి ఇంగ్లీషులో ఉన్న బలమూ బలహీనతా ఇక్కడ బయటపడినంత స్పష్టంగా మరెక్కడా బయటపడవు.

నియమాలు కొద్దిగానే ఉన్నాయి. పరీక్షకులు మీకు ఒక కార్డు, ఒక కాగితం, ఒక పెన్సిలు ఇస్తారు. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, మాట్లాడడానికి ఒకటి నుంచి రెండు నిమిషాలు ఉంటాయి. కాగితం మీద మీరు రాసుకున్నదానికి మార్కులు లేవు, మాట్లాడేటప్పుడు దాన్ని చూసుకోవచ్చు. రెండు నిమిషాలు నిండగానే వారు మిమ్మల్ని ఆపుతారు. అలా ఆపినందువల్ల మీకు నష్టమేమీ లేదు, కాబట్టి మాట మధ్యలో ఆగిపోయిందని కంగారు పడనవసరం లేదు.

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం ప్రాంతాల్లో పీజీల్లో ఉండే తెలుగువారు కొందరం ఆదివారాల్లో కలిసి ఈ పరీక్షకు సాధన చేస్తుంటాం. అందులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులతో పాటు బ్రిటన్ వెళ్లాలనుకునే నర్సులూ ఉన్నారు. అక్కడ నర్సుగా నమోదు కావడానికి ఐఎల్‌టీఎస్ మార్గంలో వెళ్లేవారికి స్పీకింగ్‌లో 7 బ్యాండు (తొమ్మిదికి ఏడు స్కోరు) తప్పనిసరి. రోజంతా ఆసుపత్రిలో ఇంగ్లీషు మాట్లాడే ఈ అమ్మాయిలు క్యూ కార్డు చేతికి రాగానే మూడవ వాక్యం దగ్గర నిలిచిపోతుంటే, మొదట్లో అందరం దాన్ని భయం అనుకున్నాం. ఫోనులో రికార్డు చేసి పదేపదే విన్న తరువాత కారణం వేరని నాకు అర్థమైంది. వారికి మాటలు దొరకక కాదు, వాక్యం తెలుగులో తయారై ఇంగ్లీషులోకి దిగలేక ఆగిపోతున్నారు.

ఇది ఉదాహరణతో చూస్తేనే తెలుస్తుంది. కార్డు మీద "మీరు చూసిన ఒక ఉత్సవం గురించి చెప్పండి, అది ఎక్కడ, ఎప్పుడు జరుగుతుంది, మీరు అక్కడ ఏం చేశారు, అది మీకు ఎందుకు గుర్తుండిపోయింది" అని ఉందనుకుందాం. మన బృందంలో చాలామంది బసవనగుడిలో కార్తీకమాసం చివరి సోమవారం నాడు జరిగే కడలెకాయి పరిషెను, అంటే వేరుశనగకాయల జాతరను ఎంచుకుంటారు. అది మంచి ఎంపికే. తెలుగులో దాని గురించి ఇలా చెబుతాం: "గత కార్తీకంలో స్నేహితులతో బసవనగుడి వెళ్లి, బుల్ టెంపుల్ రోడ్డు పొడుగునా కుప్పలు పోసి అమ్ముతున్న వేరుశనగకాయలను చూసి, రెండు శేర్లు కొనుక్కుని, గుడిలో బసవన్నకు దండం పెట్టుకుని తిరిగి వచ్చాను."

బడిలో చదువుకున్న సంశ్లిష్ట వాక్యం ఇదే. వెళ్లి, చూసి, కొనుక్కుని, పెట్టుకుని అన్నవన్నీ అసమాపక క్రియలు. సమాపక క్రియ చివరనున్న "వచ్చాను" ఒక్కటే. కర్త ఎవరో కూడా ఆ చివరి క్రియే చెబుతుంది, "నేను" అన్న మాట అసలు రానే లేదు. తెలుగులో ఇది అందమైన వాక్యం. దీన్నే వరుస మార్చకుండా ఇంగ్లీషులోకి తెస్తే "ఆఫ్టర్ గోయింగ్ టు బసవనగుడి విత్ మై ఫ్రెండ్స్, ఆఫ్టర్ సీయింగ్ ద గ్రౌండ్‌నట్స్, ఆఫ్టర్ బైయింగ్..." అని మొదలై, కర్తా క్రియా ఇంకా రాకముందే ఊపిరి అయిపోతుంది. అక్కడే తడబాటు మొదలవుతుంది, మొదటికి వెళ్లి సరిదిద్దుకోవడం మొదలవుతుంది. పరీక్షలో ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగు అంశాలకూ సమానమైన విలువ ఉంది. ఈ ఒక్క అలవాటు వాటిలో ధారాళతను, వ్యాకరణాన్ని రెంటినీ ఒకేసారి దెబ్బతీస్తుంది.

బెంగళూరులో ఉండడం వల్ల ఈ అలవాటు సరి అవుతుందని ఆశించకండి. కన్నడమూ, తమిళమూ క్రియను చివరనే ఉంచే భాషలు కనుక మన పక్క సీటులోని కన్నడిగుడూ, తమిళుడూ ఇదే వరుసలో ఆలోచిస్తారు, ఒకరి మాట ఒకరికి హాయిగా అర్థమైపోతుంది. ఆఫీసులో పని నడిపే ఇంగ్లీషుకు నేనెంతో విలువ ఇస్తాను. అయితే దానిలోని లోపాన్ని ఆఫీసులో ఎవరూ ఎత్తిచూపరు.

ఇప్పుడు అభ్యాసానికి వద్దాం. ప్రతి అసమాపక క్రియ దగ్గరా వాక్యాన్ని విరిచి, ప్రతి ముక్కకూ ముందు కర్తను, దాని వెంటనే క్రియను పెట్టండి. పై వాక్యం అప్పుడు ఇలా మారుతుంది: "లాస్ట్ ఇయర్ ఐ వెంట్ టు బసవనగుడి విత్ త్రీ ఫ్రెండ్స్. వుయ్ సా హ్యూజ్ హీప్స్ ఆఫ్ గ్రౌండ్‌నట్స్ ఆల్ అలాంగ్ ద రోడ్. వుయ్ బాట్ సమ్, అండ్ వుయ్ వర్ స్టిల్ ఈటింగ్ దెమ్ వెన్ వుయ్ రీచ్డ్ ద టెంపుల్." చివరి వాక్యాన్ని గమనించండి. అన్నీ పొట్టి వాక్యాలైతే వ్యాకరణంలో 7 రావడం కష్టం, సంక్లిష్టమైన వాక్యాలు కూడా వినిపించాలి. అయితే ఆ సంక్లిష్టత ప్రధాన వాక్యం వెనుక చేరాలి. తెలుగులో కారణమూ, సమయమూ, విశేషణమూ ముందు వచ్చి అసలు మాట చివరకు వస్తుంది. ఇంగ్లీషులో ముందు అసలు మాట చెప్పేసి, తరువాత వెన్, బికాజ్, విచ్, సో అంటూ మిగిలినది తగిలించుకోవచ్చు. "వాన పడుతున్నందువల్ల ఆగాం" అన్నది "వుయ్ స్టాప్డ్ బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్" అవుతుంది. "నిన్న మా ఇంటికి వచ్చిన డాక్టరు" అన్నప్పుడు మనకు డాక్టరు చివరి మాట, వారికి మొదటి మాట: "ద డాక్టర్ హూ కేమ్ టు అవర్ హౌస్ యెస్టర్‌డే." ఈ వరుస నోటికి అలవడితే మరొక ప్రయోజనం కూడా ఉంది. అసలు మాట ముందే చెప్పేశారు కనుక, తరువాతి ముక్క కోసం ఒక్క క్షణం ఆగినా వినేవారికి వాక్యం విరిగినట్టు అనిపించదు.

ఒక నిమిషం గడువులో ఏం రాసుకోవాలన్నది దీన్నిబట్టే తేలుతుంది. వాక్యాలు రాయకండి, ఒక నిమిషంలో రెండు వాక్యాలు కూడా పూర్తి కావు. చాలామంది నామవాచకాలు రాసుకుంటారు: బసవనగుడి, గ్రౌండ్‌నట్స్, టెంపుల్, ఫ్రెండ్స్. అవి ఎలాగూ గుర్తుంటాయి. నా సలహా, క్రియలు రాసుకోండి, అవి కూడా మీరు పలకబోయే రూపంలోనే: వెంట్, సా, బాట్, గాట్ లాస్ట్, లాఫ్డ్. ఆరు క్రియలు ఉంటే ఆరు వాక్యాలకు వెన్నెముక దొరికినట్టే, ఒక్కొక్కదానికి రెండు మూడు తోక వాక్యాలు తగిలిస్తే రెండు నిమిషాలు నిండుతాయి.

కాలం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఉత్సవం ఏటా జరుగుతుంది, మీరు వెళ్లింది మాత్రం ఒకసారి. "ఫార్మర్స్ బ్రింగ్ దెయిర్ ఫస్ట్ క్రాప్ టు ద టెంపుల్" అన్నది ఏటా జరిగేది; "ఐ బాట్" అన్నది మీకు జరిగినది. తెలుగులో "తెస్తారు" అనే రూపం అలవాటునూ, భవిష్యత్తునూ రెంటినీ మోస్తుంది; "అమ్ముతున్నారు" అనే రూపం తలచుకోగానే నోటికి "దే ఆర్ సెల్లింగ్" వచ్చేస్తుంది. కాబట్టి కాగితాన్ని నిలువుగా రెండుగా మడిచి, ఎడమవైపు ఏటా జరిగే వాటికి రెండు క్రియలు, కుడివైపు మీకు జరిగిన వాటికి నాలుగు క్రియలు రాసుకోండి. మాట్లాడేటప్పుడు ఎడమనుంచి కుడికి ఒక్కసారే దాటండి, మళ్లీ వెనక్కి రావద్దు.

కంఠతా పట్టిన జవాబుల గురించి కూడా చెప్పాలి. నేను మొదటిసారి పరీక్షకు వెళ్లినప్పుడు ఒక శిక్షణ కేంద్రం ఇచ్చిన జవాబుల కట్టను అక్షరం పొల్లుపోకుండా వల్లించాను. వచ్చిన కార్డు ఆ కట్టలో లేదు. ఉన్న జవాబుల్లో ఒకదాన్ని దానికి అతికించబోయి, సగంలో దారి తప్పి, ఫీజుతో పాటు ఆరు నెలల శ్రమనూ పోగొట్టుకున్నాను. వల్లించిన మాటను పసిగట్టడం పరీక్షకుల శిక్షణలో భాగం. మీరు నిజంగా చూసిన వీధి, నిజంగా తిన్న పల్లీలు అంతకంటే ఎక్కువసేపు మిమ్మల్ని మాట్లాడిస్తాయి.

ఈ వారం అభ్యాసం ఇది. రోజుకు ఒక విషయం తీసుకోండి: మీరు తరచూ ఎక్కే బస్సు, లాల్‌బాగ్‌లో గడిపిన ఒక ఉదయం, మీకు సాయం చేసిన ఒక మనిషి, పనిచేయక ఇబ్బంది పెట్టిన ఒక వస్తువు. ముందు దాన్ని తెలుగులో ఒక్క పొడవైన వాక్యంగా కాగితం మీద రాయండి. అసమాపక క్రియలన్నిటి కింద గీత గీయండి. గీత ఉన్న ప్రతిచోటా విరిచి, కర్తనూ క్రియనూ ముందు పెట్టి ఇంగ్లీషులో పైకి చెప్పండి. నాలుగవ రోజునుంచి తెలుగు వాక్యం రాయడం మానేసి, నిమిషంలో ఆరు క్రియలు మాత్రమే రాసుకుని రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేయండి. విన్నప్పుడు ఉచ్చారణను పట్టించుకోకండి, దానికి ఐదవ పాఠం ఉంది. ప్రతి వాక్యంలో క్రియ ఎన్నో మాటగా వచ్చిందో మాత్రం లెక్కపెట్టి తేదీ పక్కన రాసుకోండి. ఆ కాగితాలు దాచి ఉంచండి, చర్చా ప్రశ్నలతో సాగే మూడవ భాగాన్ని నేర్చుకునే నాల్గవ పాఠంలో వాటితోనే పని మొదలుపెడతాం.