యోగా టీచర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయడం ఎలా?

"అక్కా, ఎనిమిదేళ్లుగా క్లాసు చెప్తున్నాను. ఇప్పుడు స్కూలు వాళ్లు సర్టిఫికెట్ చూపించమంటున్నారు. ఎక్కడ అప్లై చేయాలి?" మా పక్క వీధి అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పొద్దున్నే ఐదున్నరకు క్లాసు పెట్టే ఒకమ్మాయి మొన్న అడిగిన మాట ఇది. 2025లో నెల రోజుల పాటు ఏపీ ప్రభుత్వ యోగా కార్యక్రమం యోగాంధ్ర నడిచి, జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్‌లో లక్షల మంది చాపలు పరిచాక ఈ ప్రశ్న నాకు ఇంకా తరచుగా వస్తోంది. అడిగిన ప్రతివాళ్లకూ ఫోన్లో అరగంట చెప్పే బదులు ఒకసారి రాసి పెడదామనిపించింది.

ముందు ఒక భయం తీసేస్తాను. మన దేశంలో యోగా నేర్పడానికి లైసెన్సు అక్కర్లేదు. సర్టిఫికెట్ లేకపోతే క్లాసు మూయిస్తారట అన్న మాట ఒట్టి పుకారు. ఇది ఇష్టపడి తీసుకునే సర్టిఫికెట్. 2015లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దీన్ని మొదలుపెట్టినప్పుడు పథకం పేరులోనే "స్వచ్ఛంద" అనే మాట ఉంది. 2018 నుంచి ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు ఈ పని చూస్తోంది. ఢిల్లీలోని మొరార్జీ దేశాయ్ జాతీయ యోగా సంస్థలోనే దాని ఆఫీసు. పొట్టిగా వైసీబీ అంటారు గానీ, మన వైపు ఫోన్లో ఆ మాట అంటే అవతలివాళ్లకు వైసీపీ అనే వినిపిస్తుంది. అందుకని ఇక్కడ బోర్డు అనే రాస్తాను.

మరి దేనికి పనికొస్తుందంటారా? స్కూళ్లు, కంపెనీలు, రిసార్టులు అడుగుతున్నాయి. ఆయుష్ వెల్‌నెస్ కేంద్రాల్లో పార్ట్‌టైమ్ యోగా ఇన్‌స్ట్రక్టర్ల నోటిఫికేషన్లు పడ్డప్పుడు చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటుంది. ఆ పోస్టుల లెక్క గంటకు 250 రూపాయలు: మగవాళ్లకు నెలకు 32 సెషన్లకు 8,000, ఆడవాళ్లకు 20 సెషన్లకు 5,000. దీంతో ఇల్లు గడవదు, నిజమే. కానీ ఊళ్లో టీచర్‌గా నలుగురికీ తెలియడానికి అదొక దారి.

ఏ లెవెల్‌కు వేయాలి?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మొదటి మెట్టు యోగా ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్. దీనికి కోర్సు 200 గంటలు. ఆ పైన యోగా వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్, 400 గంటలు. ఆ తర్వాత యోగా టీచర్ అండ్ ఎవాల్యుయేటర్, 800 గంటలు. అందరికంటే పైన యోగా మాస్టర్, 1,600 గంటలు. వీటికి పక్కనే థెరపీ లైను ఒకటి వేరుగా ఉంది. అది అసిస్టెంట్ యోగా థెరపిస్టుతో మొదలవుతుంది, అదీ 800 గంటలతో. ఇవి కాక వాలంటీర్ అనే చిన్న మెట్టు కూడా ఉంది గానీ, టీచర్‌గా పనిచేయాలనుకునేవాళ్లకు దాంతో పెద్దగా పని జరగదు.

కోర్సులో చేరాలంటే మొదటి మెట్టుకు పదో తరగతి, రెండో మెట్టుకు ఇంటర్, మూడోదానికి డిగ్రీ అడుగుతారు. కోర్సు చేయకుండా నేరుగా పరీక్ష రాసే దారి కూడా ఉంది. వాళ్లను ఓపెన్ క్యాండిడేట్లు అంటారు. ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్‌కు ఓపెన్‌లో వెళ్తే చదువు షరతు లేదు, వయసు పరిమితీ లేదు. మా గురువుగారి దగ్గర నేర్చుకున్న ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు మనవళ్లు పుట్టాక ఈ పరీక్ష రాశారు.

నా సలహా ఒకటే. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా, ఇదే మొదటిసారైతే ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్‌కో వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్‌కో వేయండి. "పదేళ్ల సర్వీసు నాది, కింద లెవెల్‌కు వేస్తే పరువు తక్కువ" అని పై మెట్టుకు వేసి, శరీర శాస్త్రం ప్రశ్నల దగ్గర ఆగిపోయినవాళ్లను చూశాను. థెరపీ లైను గురించి ఇంకో మాట. ఆ సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన మనం డాక్టర్లం కాము. ప్రకృతి వైద్యంలో, యోగాలో డాక్టరు కావాలంటే బీఎన్‌వైఎస్ ఉంది, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల చదువు. బోర్డు సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి, దాని పక్కనే "షుగర్, బీపీ నయం చేయబడును" అని రాయించుకోకండి.

చీగాంగ్ (చైనావాళ్ల శ్వాస, కదలికల సాధన), రేకీ లాంటివి నేర్పేవాళ్లు కూడా అడుగుతుంటారు. ఈ బోర్డు యోగాకే. చీగాంగ్‌కు చైనాలో వేరే సంఘం, వేరే స్థాయిలు ఉన్నాయి. మీరు చీగాంగ్‌లోని బడువాన్‌జిన్ వరస ఎనిమిది కదలికలూ ఎంత బాగా చేసినా ఈ పరీక్షలో వాటికి మార్కులు లేవు. అలాగే అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడ క్లాసులు చెప్పాలనుకునేవాళ్లకు అక్కడి స్టూడియోల్లో వినపడేది యోగా అలయన్స్ పేరు. అది ప్రైవేటు సంస్థ, ప్రభుత్వానిది కాదు. వాళ్ల జాబితాలో పేరు చేరాలంటే వాళ్ల దగ్గర రిజిస్టరైన స్కూల్లో 200 గంటల శిక్షణ చూపించాలి. మన బోర్డు కాగితం పెడితే దానంతట అది చెల్లదు.

ఫారం నింపే ముందు

కాగితాలు పెద్దగా లేవు. ఫోటో, గుర్తింపు కార్డు, చదువు సర్టిఫికెట్, శిక్షణ తీసుకుని ఉంటే దాని సర్టిఫికెట్. వీటిని స్కాన్ చేసి ఫోన్లో కాకుండా ఈమెయిల్లో పెట్టుకోండి. అసలు టెన్షన్ అంతా పేరు దగ్గరే.

మన ఇంటిపేర్ల సంగతి తెలిసిందే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, పాన్‌లో అదే ఇంటిపేరు చివరికి వెళ్తుంది. ఆడవాళ్లకైతే పెళ్లయ్యాక ఇంకో ఇంటిపేరు. నా సంగతే చెప్తాను. నేను దరఖాస్తులో ఆధార్ పేరు రాసి, టెన్త్ మెమో జత చేశాను. అది వెనక్కి వచ్చింది. ఎందుకు వచ్చిందో అవతలివాళ్లు చెప్పలేదు, నేను మూడుసార్లు మెయిల్ పెడితే ఒక్క లైను జవాబు వచ్చింది: "పేరు సరిపోలలేదు." ఈలోగా ఆ విడత పరీక్ష తేదీ దాటిపోయింది. కాబట్టి ముందు అన్ని కాగితాలూ బల్ల మీద పరిచి అక్షరం అక్షరం చూసుకోండి. తేడా ఉంటే ఆధార్ దిద్దించుకోండి, లేదా నోటరీ అఫిడవిట్ ఒకటి తయారు పెట్టుకోండి. ఫారంలో మీరు ఎలా టైప్ చేస్తే సర్టిఫికెట్ మీద అలాగే పడుతుందనుకుని టైప్ చేయండి.

దరఖాస్తు అంతా ఆన్‌లైన్‌లోనే. బోర్డు వెబ్‌సైట్ చిరునామా చివర ఎన్ఐసీ డాట్ ఇన్ అని ఉంటుంది. అది లేకపోతే మీరు వేరే ఎవరి సైట్లోనో ఉన్నట్టు. ఎక్కడెక్కడివాళ్లో "గవర్నమెంట్ యోగా సర్టిఫికెట్, పరీక్ష లేకుండా వారంలో" అని ప్రకటనలు పెడుతుంటారు. పరీక్ష లేకుండా బోర్డు ఎవరికీ ఏదీ ఇవ్వదు.

సైట్లో మెయిల్, మొబైల్ నంబరుతో రిజిస్టర్ అయ్యాక వివరాలు నింపి, లెవెల్ ఎంచుకోవాలి. ఆ తర్వాత పరీక్ష పెట్టే సంస్థను ఎంచుకోవాలి. ఇది చాలామందికి తెలియని సంగతి: బోర్డు తానే అన్ని ఊళ్లలో పరీక్ష పెట్టదు. పర్సనెల్ సర్టిఫికేషన్ బాడీలని కొన్ని సంస్థలకు అనుమతి ఇచ్చింది. పరీక్ష పెట్టేదీ, ఫీజు తీసుకునేదీ అవే. ఫీజు లెవెల్‌ను బట్టి మారుతుంది. కోర్సు చెప్పే సంస్థ వేరు, పరీక్ష పెట్టే సంస్థ వేరు అని గుర్తుంచుకుంటే సగం గందరగోళం పోతుంది. మీ ఊళ్లో కోర్సు చెప్పే సంస్థ "మేమే అన్నీ చూసుకుంటాం" అంటే, బోర్డు సైట్లోని జాబితాలో దాని పేరుందో లేదో చూసి, కోర్సు ఫీజుకూ పరీక్ష ఫీజుకూ విడివిడిగా రసీదులు తీసుకోండి.

డబ్బు కట్టే ముందు పరీక్ష సంస్థకు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. మనకు దగ్గర్లో సెంటర్ ఎక్కడ? రాత పరీక్ష, ప్రాక్టికల్ ఒకే రోజా? ప్రశ్నపత్రం, ప్రాక్టికల్ ఏ భాషలో, తెలుగులో చెప్తే ఒప్పుకుంటారా? ఈ చివరిది తప్పకుండా అడగండి. ఇరవై ఏళ్లు తెలుగులో క్లాసు చెప్పిన మనిషి ఎగ్జామినర్ ముందు ఇంగ్లిష్ మాటలు వెతుక్కుంటూ నిలబడితే చూసేవాళ్లకే కష్టంగా ఉంటుంది.

పరీక్ష

రాత పరీక్షలో జవాబు ఎంచుకునే ప్రశ్నలు ఉంటాయి. పతంజలి యోగ సూత్రాలు, భగవద్గీత, హఠ ప్రదీపిక, కొంచెం శరీర శాస్త్రం, ఆహారం. సిలబస్ బోర్డు సైట్లోనే ఉంది, దించుకుని ప్రింట్ తీసుకోండి. హఠ ప్రదీపిక చెప్పిన ఆరు బాధక తత్వాలు, అంటే యోగ సాధనకు అడ్డుపడేవి, కంఠతా రావాలి: అత్యాహారం, ప్రయాస, ప్రజల్పం, నియమగ్రహం, జనసంగం, లౌల్యం. ప్రజల్పమంటే అతిగా మాట్లాడటం. మన టీచర్లలో సగం మందికి ఉన్నదే కాబట్టి ఇది మాత్రం మర్చిపోరు.

మొదటి మెట్టులో రాత కంటే ప్రాక్టికల్‌కే బరువెక్కువ. అక్కడ చూసేది మీ నడుము ఎంత వంగుతుందని కాదు, ఎదుటివాడి చేత ఎలా చేయిస్తారని. అందుకే ప్రోటోకాల్ నోటికి రావాలి. అంతర్జాతీయ యోగా దినోత్సవానికి ఆయుష్ శాఖ తయారు చేయించిన 45 నిమిషాల వరస అది. ప్రార్థన, మెడ, భుజాలు, నడుము, మోకాళ్ల కదలికలు, తాడాసనం నుంచి త్రికోణాసనం దాకా నిలబడి చేసేవి, తర్వాత కూర్చుని, బోర్లా పడుకుని, వెల్లకిలా పడుకుని చేసేవి, కపాలభాతి, నాడీశోధన, శీతలి, భ్రామరి, ధ్యానం, సంకల్పం, శాంతి మంత్రం. వరస తప్పకూడదు.

ఎగ్జామినర్ "త్రికోణాసనం చెప్పండి" అన్నారనుకోండి. చటుక్కున వంగిపోకండి. పేరు, ఆ పేరెందుకు వచ్చిందో ఒక్క మాటలో చెప్పండి. కాళ్లు దూరంగా పెట్టించండి. శ్వాస తీసుకుంటూ రెండు చేతులూ పక్కలకు భుజాల ఎత్తుకు. శ్వాస వదులుతూ కుడివైపుకు వంగి, కుడి చేయి కుడి పాదం వెనక్కి. ఎడమ చేయి నిటారుగా పైకి, చూపు ఆ చేతి మధ్యవేలి చివర. మామూలు శ్వాసతో కాసేపు ఆగి, శ్వాస తీసుకుంటూ పైకి. అదే ఎడమవైపు. ఆ తర్వాత చెప్పేదే మార్కులు తెచ్చేది: డిస్క్ జారినవాళ్లు, సయాటికా ఉన్నవాళ్లు, కడుపు ఆపరేషన్ అయినవాళ్లు ఇది చేయకూడదు. చేయి పాదం దాకా అందకపోతే మోకాలు పట్టుకుంటే చాలు. కపాలభాతి దగ్గరా అంతే. బీపీ, గుండె జబ్బు, కళ్లు తిరగడం, హెర్నియా ఉన్నవాళ్లను ముందే పక్కన కూర్చోబెట్టడం చూపిస్తేనే మీరు టీచరు.

ఇంకో చిన్న సంగతి. తెల్ల కుర్తా, చాప, నీళ్లు, ఆధార్ ఒరిజినల్ పట్టుకెళ్లండి. పొద్దున ఇడ్లీలు రెండు మించి తినకండి. ప్రాక్టికల్ మీ వంతు మధ్యాహ్నం రావచ్చు, బ్యాగులో అరటిపండు ఉంచుకోండి.

ఫలితం వచ్చాక సర్టిఫికెట్‌లో పేరు, లెవెల్, నంబరు చూసుకుని, తప్పు ఉంటే ఆ రోజే రాయండి.

ఆ టెర్రస్ అమ్మాయి ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్‌కు వేసింది. ప్రాక్టీసు కోసం ఫోన్లో రికార్డర్ పెట్టుకుని క్లాసు చెప్పమన్నాను. మొదటి రోజు రికార్డింగ్ విన్నాక ఫోన్ చేసి నవ్వడం మొదలుపెట్టింది. "అక్కా, భుజంగాసనంలో అందరినీ శ్వాస తీసుకోమన్నాను, వదలమనడం మర్చిపోయాను."