ఇంట్లో క్యాన్సర్ రోగి నొప్పిని లెక్కగట్టి రాసిపెట్టడం ఎలా?

ఓపీలో డాక్టర్ "ఎలా ఉందమ్మా?" అంటారు. పెద్దావిడ "పర్లేదు సార్" అంటుంది. వెనక నిలబడ్డ కొడుకు "ఏం పర్లేదు సార్, రాత్రంతా ఒకటే మూలుగుడు, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు" అంటాడు. రెండూ నిజమే కావచ్చు. కానీ ఏ మాట పట్టుకుని మందు పెంచాలో డాక్టర్‌కి అంతుపట్టదు. బయట ఇంకా బోలెడంతమంది కూర్చుని ఉంటారు. పాత చీటీలో మందులే మళ్లీ రాసిచ్చి పంపేస్తారు. నొప్పి కూడా అదే ఆటోలో ఇంటికొచ్చేస్తుంది.

ఇక్కడ పనికొచ్చేవి ఒక నోట్‌బుక్, ఒక పెన్ను. ఇది నేను చెప్పే చిట్కా కాదు, పరిశోధనలో తేలిన సంగతే. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్లో డాక్టర్ ఈథన్ బాష్ బృందం 766 మందితో ఒక ట్రయల్ చేసింది. అందరూ ఒంట్లో పాకిపోయిన క్యాన్సర్‌కి కీమో తీసుకుంటున్నవాళ్లే. వాళ్లలో ఒక వర్గం వాళ్లు నొప్పి, వాంతులు, ఆయాసం లాంటి 12 బాధలు ఏ మేరకు ఉన్నాయో కంప్యూటర్లో తామే నమోదు చేసేవారు. ఏదైనా ముదిరితే నర్సుకి ఈమెయిల్ వెళ్లేది. రెండో వర్గానికి మామూలు పద్ధతే, డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు చెప్పుకోవడం. 2017లో 'జామా' అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, నమోదు చేసినవాళ్లు మీడియన్ లెక్కన (అంటే సగం మంది అంతకంటే ఎక్కువ, సగం మంది తక్కువ) 31.2 నెలలు బతికారు, మిగతావాళ్లు 26 నెలలు. మొదటి వర్గానికి కొత్త మందేమీ ఇవ్వలేదు. బాధ సంగతి వేళకి నర్సు చెవిన పడింది.

మనకి కంప్యూటర్ లేకపోయినా ఫర్వాలేదు. పని ఇలా మొదలుపెట్టండి.

1. నొప్పికి అంకె వేయండి

నొప్పి అసలు లేకపోతే 0. ఇంతకు మించి ఉండదు అనిపించేంత ఉంటే 10. ఆసుపత్రుల్లో వాడే స్కేలు ఇదే. చదువుకున్నవాళ్లు టక్కున చెప్పేస్తారు. డెబ్బై దాటిన నాయనమ్మని "పదికి ఎంత?" అని అడిగితే "ఏమో నాయనా" అంటుంది. ఆవిడని "రూపాయికి ఎంత ఉందే?" అని అడిగి చూడండి. తెలంగాణలో అయితే "బారాణా ఉంది బిడ్డా" అంటుంది, కోస్తాలో అయితే "ముప్పావలా" అంటుంది. నోట్‌బుక్‌లో 7 అనో 8 అనో వేసుకోండి. ఆఠాణా, అర్ధరూపాయి అంటే 5. చారాణా, పావలా అంటే 2 లేక 3.

ఒక్క అంకెతో సరిపోదు. ఇప్పుడు ఎంత, రాత్రి నుంచి ఇప్పటిదాకా ఎక్కువలో ఎక్కువ ఎంత, పక్కకి తిరిగినప్పుడో లేచినప్పుడో ఎంత. ఈ మూడూ అడగాలి. కదలకుండా పడుకున్నప్పుడు 2 ఉండి, బాత్రూమ్‌కి లేపినప్పుడు 9 అయ్యే నొప్పి వేరు. రోజంతా 5 దగ్గరే ఉండే నొప్పి వేరు. మందు ఇచ్చే పద్ధతి కూడా మారుతుంది.

అంకె చెప్పాక "అంత ఉండదులే అమ్మా" అని బేరమాడకండి. ఆవిడ ఎంతంటే అంతే.

2. నోరు విప్పనివాళ్లని గమనించండి

"పర్లేదు" అనే అలవాటు మన పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో బాగా ఎక్కువ. పిల్లలకి డబ్బు ఖర్చు, సెలవులు పోతాయి అని నొప్పి మింగేస్తారు. చూడ్డానికి వచ్చిన బంధువుల ఎదురుగా అస్సలు అడగొద్దు. అందరూ వెళ్లాక, తల దువ్వుతూనో కాళ్లు పడుతూనో అడగండి.

మతిమరుపు ముదిరినవాళ్లు, మాట పడిపోయినవాళ్లు అంకె చెప్పలేరు. వాళ్ల కోసం పెయినాడ్ అనే స్కేలు ఉంది, 2003 నుంచి వాడుకలో ఉంది. ఊపిరి తీరు, మూలుగు, ముఖం, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరుకుంటున్నారా లేదా అన్న అయిదు అంశాలు చూస్తారు. ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు, మొత్తం పదికి వస్తుంది. నుదురు ముడిపడటం, పిడికిలి బిగించడం, స్నానం చేయించేటప్పుడు చెయ్యి తోసేయడం లాంటివి కనిపిస్తే "విసుక్కుంటోంది" అని కాకుండా కనిపించింది కనిపించినట్టు రాయండి. చిన్నపిల్లలకి నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా ఉండే బొమ్మల స్కేలు ఉంటుంది. వార్డులో నర్సుని అడిగితే ఇస్తారు.

3. ఎక్కడ, ఎలాంటి నొప్పి

సలుపా, పోటా, మంటా, కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వున లాగడమా? రోగి అన్న మాటే రాయండి, మీరు దాన్ని "పెయిన్" అని మార్చేయకండి. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, షాక్ లాంటి మాటలు వింటే డాక్టర్‌కి నరం దెబ్బతిందేమో అన్న అనుమానం వస్తుంది. అలాంటి నొప్పికి గబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు కలుపుతారు. మామూలు గోలీ ఎంత పెంచినా లొంగని నొప్పి వీటికి తగ్గొచ్చు.

4. పేజీ ఇలా ఉండాలి

ఉదాహరణకి, మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు నాలుగు గంటలకోసారి, మధ్యలో నొప్పి తన్నుకొస్తే అదనంగా ఒక గోలీ, పడుకునే ముందు డబుల్ డోసు అని డాక్టర్ రాసిచ్చిన ఒక పేషెంట్ పేజీ ఇలా ఉంటుంది:

*మంగళవారం*
*పొద్దున 6: నొప్పి 3. గోలీ వేశాం.*
*9: స్నానానికి లేపితే 8, నడుము, పోటు. అదనపు గోలీ.*
*10: కదలకుండా ఉంటే 3. మామూలు గోలీ.*
*మధ్యాహ్నం 2: నొప్పి 2. గోలీ. రెండు ముద్దలు తింది.*
*సాయంత్రం 6: నొప్పి 4. గోలీ. విరేచనం కాక రెండో రోజు.*
*రాత్రి 10: నొప్పి 3. పడుకునే ముందు డబుల్ డోసు. పొద్దుటిదాకా పడుకుంది.*

ఈ ఒక్క పేజీ చూస్తే డాక్టర్‌కి మూడు సంగతులు తెలుస్తాయి. మామూలు మోతాదు సరిపోతోంది. స్నానానికి ఓ అరగంట, ముప్పావుగంట ముందే అదనపు గోలీ వేస్తే మేలు. విరేచనాల మందు పెంచాలి. కొడుకు నోటితో పది నిమిషాలు చెప్పినా ఇంత స్పష్టంగా రాదు.

అదనపు గోలీ వేసిన గంటకి మళ్లీ అంకె అడగడం మర్చిపోవద్దు. తగ్గిందా లేదా అన్నదే అసలు సమాచారం. రోజులో అదనపు గోలీలు మూడు, నాలుగు సార్లు వేయాల్సి వస్తోందంటే మామూలు మోతాదు చాలట్లేదని అర్థం. అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి.

5. నొప్పి వచ్చాక కాదు, టైముకి

క్యాన్సర్ నొప్పికి మందు వాడే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో ప్రకటించింది. వీలైనంతవరకు నోటి ద్వారా, గడియారం చూసి, నొప్పి మెట్టుని బట్టి (తక్కువ నొప్పికి మామూలు మందు, ఎక్కువైతే గట్టి మందు) ఇవ్వాలన్నది దాని సారం. మెట్ల లెక్క మీద తర్వాత చర్చ జరిగింది, సడలింపులూ వచ్చాయి. గడియారం మాట మాత్రం అలాగే నిలిచింది. నొప్పి వచ్చేదాకా ఆగి వేస్తే, అది తగ్గేలోపు మనిషి నలిగిపోతాడు.

మార్ఫిన్ పేరెత్తగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. "అది మత్తుమందు కదా, అలవాటైపోతుందేమో", "అది ఇచ్చారంటే ఇక అయిపోయినట్టే కదా." ఈ భయానికి చట్టం కూడా తోడైంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం మత్తు వ్యాపారాన్ని ఆపడానికి వచ్చింది. లైసెన్సుల తలనొప్పికి భయపడి చాలా ఆసుపత్రులు, మందుల షాపులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి, వైద్యానికి అవసరమైన ఇలాంటి మందులకి దారి సులువు చేశారు. అయినా చాలా ఊళ్లలో మామూలు మెడికల్ షాపులో ఇప్పటికీ దొరకదు, గుర్తింపు ఉన్న ఆసుపత్రి నుంచే తెచ్చుకోవాలి. అందుకే మందు అయిపోవడానికి వారం ముందే లెక్క చూసుకోండి. పండగ సెలవుల్లో గోలీలు నిండుకున్న ఇంటి అవస్థ పగవాడికి కూడా వద్దు.

డాక్టర్ పర్యవేక్షణలో క్యాన్సర్ నొప్పికి వాడినప్పుడు వ్యసనంగా మారడం అరుదు. ఒళ్లు మందుకి అలవాటు పడటం వేరే సంగతి, కాబట్టి ఉన్నట్టుండి మానేయకూడదు. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, వికారం కూడా ఉండొచ్చు, తర్వాత సర్దుకుంటుంది. మలబద్ధకం మాత్రం సర్దుకోదు. మార్ఫిన్ మొదలైన రోజే విరేచనాల మందు కూడా మొదలవ్వాలి. చీటీలో లేకపోతే అడిగి రాయించుకోండి. ఈ మలబద్ధకం భరించలేకే కొందరు మార్ఫిన్ మానేస్తారు.

మీ అంతట మీరు డోసు పెంచడం, తగ్గించడం వద్దు. పక్కింటి వాళ్లకి పనిచేసిన ప్యాచ్ (చర్మానికి అంటించే నొప్పి మందు పట్టీ) తెచ్చి అంటించడం అసలే వద్దు. ఫెంటానిల్ ప్యాచ్ వాడుతుంటే దాని మీద వేడి కాపడం పెట్టకూడదు. వేడికి మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది.

6. డిశ్చార్జికి ముందు నర్సు దగ్గర నేర్చుకోండి

డాక్టర్ మందు రాస్తారు. దాన్ని ఇంట్లో నడిపించడం నేర్పేది నర్సు. అమెరికాలో నర్సులకి నొప్పి, చివరి దశ సంరక్షణ నేర్పడానికి 2000లో ఎల్‌నెక్ అనే శిక్షణ మొదలై ఇతర దేశాలకీ వ్యాపించింది. మన దగ్గర దారి చూపింది కేరళ. కోళికోడ్‌లో 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ లాంటివాళ్లు పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ మొదలుపెట్టారు. పాలియేటివ్ కేర్ అంటే పెద్ద జబ్బు ఉన్నవాళ్లకి నొప్పి, ఇతర బాధలు తగ్గించే వైద్యం. నర్సు, ఊళ్లో వలంటీర్లు కలిసి రోగి ఇంటికే వెళ్లే పద్ధతి అక్కడ వేళ్లూనుకుంది.

మీ వార్డులో నర్సుకి ఆ శిక్షణ ఉన్నా లేకపోయినా, "సిస్టర్, ఒక్క అయిదు నిమిషాలు" అని ఆపి, ఏ గోలీ ఎప్పుడో అడగండి. విన్నాక మీరే తిరిగి అప్పజెప్పండి: "అంటే పొద్దున ఆరింటికి ఇది, నొప్పి తన్నుకొస్తే ఇది, రోజుకి ఇన్నిసార్లు దాటకూడదు, అంతేనా?" అప్పుడు తప్పు అక్కడే దొరుకుతుంది. పక్కకి తిప్పడం, కట్టు మార్చడం మీ చేత్తో ఒకసారి చేసి చూపించండి. రాత్రిపూట ఫోన్ చేయాల్సిన నంబరు నోట్‌బుక్ మొదటి పేజీలో రాయించుకోండి.

ఆ నంబరు కిందే ఇవి కూడా రాసుకోండి. ఎంత లేపినా లేవకపోవడం, ఊపిరి బాగా నెమ్మదించడం కనిపిస్తే ఆగకుండా 108. ఒంట్లో కుదుపులు, మూత్రం బాగా తగ్గడం, ఉన్నట్టుండి కాళ్లు పట్టుతప్పడం అయితే అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి.

7. చూసుకునే మనిషిని ఎవరు చూసుకుంటారు?

1999లో జామాలోనే రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్‌ల అధ్యయనం వచ్చింది. 66 ఏళ్లు పైబడ్డ దంపతుల్లో, జబ్బుపడ్డ జీవిత భాగస్వామిని చూసుకుంటూ ఆ భారంతో నలిగిపోతున్నవాళ్లని నాలుగేళ్లు గమనించారు. ఆ బాధ్యత లేనివాళ్లతో పోలిస్తే వీళ్లు చనిపోయే ముప్పు 63 శాతం ఎక్కువని తేలింది. మన ఇళ్లలో ఈ భారం భార్య మీదో, కోడలి మీదో, పెళ్లికాని కూతురి మీదో పడుతుంది. "బాగా చూసుకుంటోంది" అన్న మెచ్చుకోలుతో ఆ మనిషికి నిద్ర రాదు.

వారంలో రెండు రాత్రులు ఇంకొకరు రోగి గదిలో పడుకునేలా నోట్‌బుక్‌లోనే వంతులు రాయండి. రాసి ఉంటే ఇంకొకరు కూర్చున్నా పని ఆగదు. దూరాన ఉన్న అన్నదమ్ములకి పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి, సలహాలు తగ్గి సాయం పెరిగే అవకాశం ఉంది. పడుకునే ముందు డబుల్ డోసు వేస్తే రాత్రి రెండింటి గోలీకి లేవక్కర్లేదు. ఇది మీ పేషెంట్‌కి కుదురుతుందా అని డాక్టర్‌ని అడగండి. చూసుకునే మనిషి నిద్ర ఎంత పోయింది, తిన్నారా లేదా అన్నది కూడా పేజీ కింద ఒక్క ముక్క రాసి నర్సుకి చూపించండి.

8. ఎక్కడికి వెళ్లాలి

పాలియేటివ్ కేర్ అనగానే ఇక చేసేదేం లేదన్నట్టు ముఖాలు పెడతారు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లో జెన్నిఫర్ టెమెల్ బృందం ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందితో ట్రయల్ చేసి 2010లో ఫలితాలు ప్రకటించింది. మొదటినుంచే చికిత్సతో పాటు పాలియేటివ్ కేర్ అందినవాళ్లలో దిగులు తక్కువగా కనిపించింది. వాళ్లు బతికింది 11.6 నెలలు, మిగతావాళ్లు 8.9 నెలలు. ఇదీ మీడియన్ లెక్కే. కాబట్టి కీమో నడుస్తుండగానే అడగాలి.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లోనూ పాలియేటివ్ కేర్ కేంద్రాలు పెట్టారు. మీ జిల్లాలో ఉందేమో ముందు కనుక్కోండి. ఉత్తరాంధ్రవాళ్లకి విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరవుతుంది. వెళ్లేటప్పుడు ఫైలుతో పాటు నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి. గదిలోకి వెళ్లగానే గత మూడు రోజుల పేజీలు తెరిచి డాక్టర్ ముందు పెట్టండి.

మార్ఫిన్ గోలీలు తాళం వేసిన డబ్బాలో, పిల్లలకి అందని చోట ఉంచండి. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి, రోజూ రాత్రి మిగిలిన గోలీలు లెక్కపెట్టి పేజీలో రాయాలి. వాడేసిన ప్యాచ్‌ని జిగురు వైపు లోపలికి మడిచి విడిగా దాచండి. వాడకం ఆగిపోయాక మిగిలిన మందుని చెత్తలో వేయకుండా, ఎవరికీ ఇవ్వకుండా, తెచ్చిన ఆసుపత్రికే తిరిగి అప్పజెప్పండి.