తాడు పిడికి కట్టే చీటీ: చిన్న ఇంజన్ల షెడ్డులో పని చేయించడం

అనంతపురంలో తాడిపత్రి రోడ్డు వైపు ఒక రేకుల షెడ్డులో నేను మేస్త్రీని. నా కింద నలుగురు పిల్లలు. వీపున తగిలించుకుని మందు కొట్టే తైవాన్ పంపులు, గడ్డి కోసే మిషన్లు, కలుపు తీసే వీడర్లు, నీళ్ల ఇంజన్లు, చిన్న జనరేటర్లు మా దగ్గరికి వస్తాయి. మేస్త్రీనైన కొత్తలో ప్రతి మిషన్ దగ్గరికీ నేనే దూరి, పిల్లల చేతిలోంచి పానా లాక్కునేవాణ్ణి. సాయంత్రానికి నా చేతులు నల్లగా, వాళ్ల చేతులు తెల్లగా ఉండేవి. ఇప్పుడు నేను నిలబడేది రెండు చోట్లే. ఒకటి మిషన్ లోపలికి వచ్చేచోట, రెండోది బయటికి పోయేచోట.

లోపలికి వచ్చేటప్పుడు రైతు చెప్పేది ఒకే మాట: "స్టార్ట్ కాలేదు సార్." చీటీలో అంతే రాసుకుంటే పిల్లవాడు పొద్దంతా వెతుక్కోవాలి. నేను వరసగా అడుగుతాను. ఆఖరున ఎప్పుడు నడిచింది? ఆగినప్పుడు టక్కున ఆగిందా, గొణుక్కుంటూ ఆగిందా? చల్లారాక మళ్లీ స్టార్ట్ అయిందా? వేడెక్కితే ఆగి, చల్లారితే నడిచేదైతే ముందు ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్ మీద అనుమానపడాలి. గొణుక్కుంటూ ఆగిందంటే పెట్రోల్ అందడం లేదు: పెట్రోల్ ఫిల్టర్, పెట్రోల్‌నూ గాలినీ కలిపే కార్బొరేటర్‌లోని జెట్ (సన్న బెజ్జం), ట్యాంకు మూతలో గాలి పోయే చిన్న రంధ్రం. ఈ మూత రంధ్రాన్ని మర్చిపోయి కార్బొరేటర్ మూడుసార్లు విప్పినవాళ్లను చూశాను. వాళ్లలో నేనూ ఒకణ్ణి. స్టార్టర్ తాడే లాగరాకుండా బిగుసుకుపోయిందంటే సిలిండర్‌లో పిస్టన్ పట్టేసి ఉండొచ్చు.

తర్వాత పెట్రోల్ సంగతి. పోయిన సీజన్లో పోసిన పెట్రోల్ ట్యాంకులోనే ఉంటే అది జిగురై జెట్‌ను మూసేస్తుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతరకం రబ్బరు గొట్టాలను, కార్బొరేటర్‌లోని పల్చటి రబ్బరు పొరలను (డయాఫ్రమ్‌లను) పాడుచేస్తుంది. అందుకే సీజన్ అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి పెట్టమని చెప్తాను.

పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ మిషన్ అయితే ఆయిల్ ఎంత పోశావని అడగాలి. "ఏమో సామీ, మా పిల్లోడు పోసినాడు" అంటారు. 25కి 1 అని రాసి ఉన్న మిషన్‌కు లీటరు పెట్రోల్‌లో 40 మిల్లీలీటర్లు, 50కి 1 అయితే 20. ఇది మిషన్ మీదనో పుస్తకంలోనో ఉంటుంది, అంచనా మీద చెప్పకూడదు. ఫోర్ స్ట్రోక్ వాటికి ఆయిల్ ఇంజన్‌లో వేరే పోస్తారు, పెట్రోల్‌లో కలపనే కూడదు. తైవాన్ పంపుల్లో రెండు రకాలూ చూడ్డానికి ఒకే మాదిరి ఉంటాయి కాబట్టి చీటీ మీద టూ స్ట్రోకా ఫోర్ స్ట్రోకా పెద్దగా రాయండి.

మందు కొట్టే పంపును ట్యాంకు కడగనిదే టేబుల్ ఎక్కించొద్దు. మా దగ్గర ఒక పిల్లవాడికి మధ్యాహ్నానికల్లా కళ్లు తిరిగి వాంతులయ్యాయి. మందు అంటిన పంపును ఉత్త చేతులతో విప్పి, ఆ చేతులతోనే అన్నం తిన్నాడు. ఇప్పుడు గ్లౌజులు, సబ్బు, బయట కుళాయి దగ్గర కడుగుడు. దీనికి మినహాయింపు లేదు.

ఇక పంచడం. ఒక మిషన్‌కు ఒకే మనిషి, ఒకే స్టీలు పళ్లెం. విప్పిన ప్రతి బోల్టూ ఆ పళ్లెంలోనే ఉండాలి. ఇద్దరు చెయ్యి పెట్టిన మిషన్‌లో బోల్టు తక్కువైతే ఎవరూ జవాబు చెప్పరు. కొత్తగా చేరినవాడికి ఫిల్టర్లు, ప్లగ్గులు, తాడు మార్చడం ఇస్తాను. మావాళ్లలో ఒకడు మెరుపులా పనిచేస్తాడు, కానీ కార్బొరేటర్ గాస్కెట్ తిరగేసి పెడతాడు. నిదానస్తుడికి వాల్వ్ క్లియరెన్సులు, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్న సందులు, సరిచేయమని ఇస్తే సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో ఓపికగా కూర్చుంటాడు. మాకు ఎక్కువగా వచ్చే ఐదున్నర హెచ్.పి. పెట్రోల్ ఇంజన్‌కు చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మిల్లీమీటర్లు, ప్లగ్గు గ్యాప్ 0.7 నుంచి 0.8. ఇవి గోడ మీద పెయింట్‌తో రాయించాను. వేరే మోడల్ వస్తే గోడ చూడొద్దు, పుస్తకం చూడాలి.

స్టార్ట్ కాని మిషన్‌కు ముందు ప్లగ్గు విప్పి చూడమంటాను. తడిగా ఉంటే పెట్రోల్ అందుతోంది, కరెంటు వైపు వెతకాలి. పొడిగా ఉంటే పెట్రోల్ దారి చూడాలి. ఈ ఒక్క చూపు లేకుండా కార్బొరేటర్ మీద పడితే నేను ఒప్పుకోను.

అరగంటలో తప్పు దొరక్కపోతే పానా కింద పెట్టి నా దగ్గరికి రావాలి. వీళ్లకు నేను నేర్పిన వాటిలో అన్నిటికన్నా కష్టమైనది ఇదే. వస్తే తిడతానని భయం. వచ్చినవాణ్ణి ఒక్కసారి తిట్టామంటే మళ్లీ రాడు, సుత్తితో కొట్టి చూస్తాడు. అందుకే నేను చెప్పను, అడుగుతాను: "ఏం చూసినావు? ఇంకేం చూడలేదు?" సగంసార్లు నాకు చెప్తూ చెప్తూ వాడే కనుక్కుంటాడు. షెడ్డు గోడకు పాత పిస్టన్లు వేలాడదీశాను. సైలెన్సర్ వైపు గీతలు పడ్డవి ఆయిల్ లేకనో వేడికో పోయినవి. కార్బొరేటర్ వైపు మసకబారి అరిగినవి గాలి ఫిల్టర్ లేకుండా నడిపి మన ఎర్రమట్టి దుమ్ము మింగినవి.

2016 ఆగస్టులో వానలు మొహం చాటేస్తే మా జిల్లాలో శనక్కాయ చేలకు ప్రభుత్వం దూరానికి నీళ్లు చిమ్మే రెయిన్ గన్లతో తడులు ఇప్పించింది. ఇంజన్లకు ఎక్కడలేని గిరాకీ. అటకల మీద మూలుగుతున్నవన్నీ దుమ్ము దులుపుకొని మా గుమ్మం ముందుకొచ్చాయి. ఆ తొందరలో ఒక పిల్లవాడు చిన్న పెట్రోల్ పంపుసెట్‌లో పాత ఆయిల్ దించి, కొత్తది పోయకుండా టీకి పోయాడు. ఇంకొకడు అయిపోయిందనుకుని రైతుకు ఇచ్చేశాడు. అరగంట కూడా నడవలేదు, పట్టేసింది. కనెక్టింగ్ రాడ్, పిస్టన్ మా డబ్బుతో వేసిచ్చాం, చేను మాత్రం రెండు రోజులు తడి లేకుండా ఎండింది. ఆ రైతు ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది.

ఆ వారం నుంచే ఈ పద్ధతి. ఆయిల్ దించేవాడు ముందు "ఆయిల్ లేదు" అన్న ఎర్ర చీటీని స్టార్టర్ తాడు పిడికి కట్టాలి. తర్వాతే డ్రెయిన్ బోల్టు విప్పాలి. తాడు లాగాలంటే చీటీని పట్టుకోక తప్పదు. బోర్డు మీద రాస్తే ఎవరూ చదవరు.

బయటికి పంపేముందు రిపేరు చేసినవాడు కాక వేరేవాడు నడిపి చూడాలి. ఉత్తగా రయ్యిమనిపిస్తే చాలదు. పంపు ట్యాంకులో నీళ్లు పోసి పది నిమిషాలు పూర్తి రేసులో కొట్టాలి, ఆపాలి, ఐదు నిమిషాలాగి వేడిమీదే మళ్లీ లాగాలి. కాయిల్ గుట్టు అప్పుడే బయటపడుతుంది. గడ్డి మిషన్ అయితే బ్లేడ్ దగ్గర చెయ్యి పెట్టేముందు ప్లగ్గు వైరు పీకాలి. షట్టర్ దించుకుని ఇంజన్ నడపొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి కూలబడ్డాకే తెలుస్తుంది.

మార్చిన పాత సామాన్లు కవర్లో వేసి రైతు చేతికివ్వండి. తాడు ఆయన చేతే లాగించండి. తిరిగొచ్చిన మిషన్లకు వేరే నోటుపుస్తకం పెట్టాను. చేసినవాడే మళ్లీ చేస్తాడు, డబ్బు తీసుకోం. ఒకే తప్పు మూడుసార్లు కనిపిస్తే అది వాడి తప్పు కాదు, నేను నేర్పకపోవడమే.

పోయిన జూలైలో నేను భోజనానికి పోతూ గుమ్మం దగ్గర అందరికన్నా చిన్నవాణ్ణి కూర్చోబెట్టాను. తెల్లపొగ కక్కుతున్న ఫోర్ స్ట్రోక్ వీడర్ వచ్చింది. నేనైతే పిస్టన్ రింగులు పోయాయని రాసేవాణ్ణేమో. వాడు అడిగాడట: "అన్నా, దీన్ని ఎట్లా తెచ్చినావు?" ఆ రైతు బైకు వెనక అడ్డంగా పడుకోబెట్టి కట్టుకొచ్చాడు. ఇంజన్‌లోని ఆయిల్ గాలి ఫిల్టర్లోకీ సిలిండర్‌లోకీ దిగింది. ప్లగ్గు తుడిచి, ఫిల్టర్ కడిగి, ఆయిల్ సరిచూసి గంటలో పంపించేశాడు. నేను వచ్చేసరికి చీటీల కట్ట అడుగున, నేను అడిగే ప్రశ్నల కింద, వంకర అక్షరాలతో ఇంకో ప్రశ్న చేరి ఉంది.