చేతి తిమ్మిరికి ఆపరేషన్ అన్నారా? ముందు నరం ఎక్కడ నొక్కుకుందో తేలాలి

మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటే దాన్ని కార్పల్ టనల్ అంటారు. దానికి చేసే ఆపరేషన్ చిన్నదే. నరం మీదున్న గట్టి పట్టీని కోసి చోటిస్తారు. కానీ నొక్కుడు మెడలో ఉంటే మణికట్టు కోసినా తిమ్మిరి పోదు. అందుకే తేదీ ఖాయం చేసుకునే ముందు కాగితం మీద చెయ్యి బొమ్మ గీసి, తిమ్మిరి ఏ వేలికి, ఏ వేళలో, ఏం చేస్తే వస్తుందో వారం పాటు గుర్తు పెట్టండి. డాక్టరుకు చాలా పనికొస్తుంది.

సమస్య: బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరి. అర్ధరాత్రి మెలకువ వస్తుంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది.
ఇది చాలావరకు మణికట్టు గొడవే. పూలదండలు కట్టేవాళ్లను, కుట్టుపనివాళ్లను ఎక్కువగా అడగాల్సింది దీని గురించే. ముందు రాత్రిళ్లు స్ప్లింట్ (మణికట్టు వంగకుండా పట్టి ఉంచే పట్టీ) కట్టుకుని 6 వారాలు చూడండి. షాపులో అమ్మే చాలా స్ప్లింట్లలో లోపలి రేకు మణికట్టును వెనక్కి వంచి ఉంచుతుంది. అలా కట్టుకుంటే నరం మీద ఒత్తిడి తగ్గదు. రేకు బయటికి తీసి, చదును చేసి పెట్టండి. మణికట్టు తిన్నగా ఉండాలి. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకోండి. గర్భిణులకైతే కాన్పయ్యాక చాలావరకు అదే తగ్గుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్నాళ్లైనా తగ్గిందంటే జబ్బు మణికట్టులోనే ఉందన్న నమ్మకం బలపడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఈ ఇంజెక్షన్ తర్వాత కొద్దిరోజులు షుగర్ పెరుగుతుంది.

సమస్య: చిటికెన వేలు తిమ్మిరి.
ఇది వేరే నరం, ఎక్కువగా మోచేతి దగ్గర నొక్కుకుంటుంది. అక్కడ నరం తాడులా లావుగా తగిలినా, ఒంటిమీద స్పర్శ లేని మచ్చ ఉన్నా కుష్టు పరీక్ష తప్పనిసరి. మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

సమస్య: మెడ తిప్పితే తిమ్మిరి భుజం నుంచి కిందికి పాకుతుంది.
మెడను అనుమానించాలి. అయితే ఎంఆర్‌ఐలో 'డిస్క్ బల్జ్' (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త ఉబ్బడం) అని రాసినంత మాత్రాన భయపడొద్దు. నలభై దాటినవాళ్లలో ఏ బాధా లేకున్నా అది కనిపిస్తుంది. బల్జ్ ఉన్న చోటూ, తిమ్మిరెక్కే వేళ్లూ సరిపోలాలి.

సమస్య: ముందు పాదాలు, తర్వాత రెండు చేతులూ మొద్దుబారాయి.
దీనికి కారణాలు ఎక్కువగా షుగర్, విటమిన్ బీ12 లోపం, మద్యం. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లు బీ12 చూపించుకోవాలి. ఒక్క మణికట్టు కోస్తే ఇది నయం కాదు.

నరంలో సంకేతం ఎంత వేగంగా వెళ్తుందో చూసే నరాల పరీక్ష (ఎన్‌సీఎస్) కాగితం కూడా జాగ్రత్తగా చదవాలి. ఏసీ గదిలో చెయ్యి చల్లబడితే నరం వేగం తగ్గినట్టు తప్పుగా వస్తుంది. అందుకే చర్మం వేడి 32 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. రెండు చేతులూ, పక్క నరమూ పోల్చి చూశారా అని అడగండి. రిపోర్టు మామూలుగా ఉన్నా కొందరికి కార్పల్ టనల్ ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు బాధ లేకున్నా రిపోర్టు తేడాగా రావచ్చు. లక్షణం, చేత్తో చేసిన పరీక్ష, కాగితం మూడూ ఒకే చోటు చూపకపోతే తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి న్యూరాలజీ (నరాల విభాగం)లోనో, చిత్తూరు వైపువాళ్లు వేలూరు సీఎంసీలోనో రెండో అభిప్రాయం తీసుకోండి.

జాగ్రత్త పేరుతో ఆలస్యం చేయకూడనివీ ఉన్నాయి. బొటనవేలి మొదట్లో కండ కరిగినా, పట్టు తప్పి వస్తువులు జారిపోతున్నా, తిమ్మిరి రాత్రింబగళ్లు వదలకపోయినా ఆపరేషన్ వాయిదా వేస్తే పోయిన బలం తిరిగి రాకపోవచ్చు. నడక తడబడినా, మూత్రం మీద అదుపు తప్పినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి.