సోమశిల వైపు సైకిల్ తొక్కేవాళ్లకు

పెన్న వెలిగొండల్ని చీల్చుకుని వచ్చే సోమశిల దగ్గర, తెల్లవారుజామున కాలువ కట్ట మీది కంకర దారి పట్టుకుంటే లారీల గోల ఉండదు. మహా అయితే గొర్రెల మంద అడ్డొస్తుంది. అసలు టెన్షన్ సర్కారు తుమ్మ ముల్లుతోనే. పంక్చరైతే ట్యూబు మార్చేసి వెంటనే బయల్దేరకండి, ముల్లు టైరులోనే ఉండిపోతుంది. నేనలాగే రెండు ట్యూబులు పోగొట్టుకుని, నడినెత్తిన ఎండలో సైకిల్ నెట్టుకుంటూ వచ్చాను. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపలంతా పాత నూలుగుడ్డ తిప్పండి. ముల్లు ఉన్నచోట పోగు చిక్కుకుంటుంది. వేలితో వెతికితే రక్తమే! దొరికిన ముల్లును లోపలి నుంచి తాళంచెవితో బయటికి నెట్టి లాగేయండి. కంకర మీద టైరులో గాలి తారురోడ్డు మీదకన్నా కాస్త తక్కువుండాలి, 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకు 35 పీఎస్‌ఐ నాకు సరిపోతోంది.