కొత్తగా ల్యాబులో చేరినవారికి భద్రతా పాఠాలు – 4: ఎంగిలి చేయి

గత పాఠం చివర ఒక పని ఇచ్చాను. మీ బెంచీ మీద ఉన్న ఏదైనా ఒక రసాయనానికి ఎస్‌డీఎస్ (దాని భద్రతా వివరాల పత్రం) తెరిచి, అందులోని 16 విభాగాల్లో 8వది చదివి, ఏ గ్లౌజులు వాడమన్నారో రాసుకోమన్నాను. చాలామందికి అక్కడ కనిపించి ఉండే వాక్యం ఇది: ‘తగిన గ్లౌజులు ధరించాలి.’ వంటల పుస్తకంలో ‘ఉప్పు తగినంత’ అన్నట్టే. వంట వచ్చినవాళ్లకు ఆ మాట అక్కర్లేదు, రానివాళ్లకు ఆ మాట చాలదు.

అందుకే ఈ పాఠమంతా గ్లౌజుల గురించే. పరిశోధన సంస్థలో చేరిన మొదటి రోజు జరిగే పరిచయ కార్యక్రమంలో ఈ విషయానికి మహా అయితే ఒక స్లైడు దక్కుతుంది. నన్నడిగితే ఒక పూట పట్టాల్సిన విషయం. ఏ పనికి ఏ గ్లౌజు, వేసుకున్నాక ఆ చేత్తో ఏం ముట్టుకోవచ్చు, ఎలా విప్పాలి – ఈ మూడూ వస్తే పాఠం వచ్చినట్టే.

పాదరసం రెండుసార్లు

ఆస్పత్రుల్లోకి రబ్బరు గ్లౌజులు వచ్చిన కథ చాలామంది వినే ఉంటారు. 1889–90 ప్రాంతంలో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో కారొలైన్ హాంప్టన్ అనే నర్సు చేతులు క్రిమిసంహారక ద్రావణాల వల్ల పుండ్లు పడ్డాయి. ఆ ద్రావణాల్లో ఒకటి మెర్క్యురిక్ క్లోరైడ్, అంటే పాదరసం లవణం. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీకి చెప్పి ఆమె కోసం పల్చని గ్లౌజులు చేయించాడు. తర్వాత ఆమెను పెళ్లి కూడా చేసుకున్నాడు, అది వేరే సంగతి. రోగికి సూక్ష్మక్రిములు సోకకుండా చూడడమన్న ఆలోచన అందులో అప్పటికి లేదు. పనిచేసే మనిషి చేతిని రసాయనం నుంచి కాపాడడానికే ఆ గ్లౌజులు పుట్టాయి, కాపాడాయి కూడా.

రెండో కథలోనూ పాదరసమే. 1996 ఆగస్టు 14న డార్ట్‌మత్ కాలేజీలో కేరెన్ వెటర్‌హాన్ అనే రసాయన శాస్త్రవేత్త డైమిథైల్ మెర్క్యురీతో పని చేస్తున్నారు. విషలోహాల పరిశోధనలో పేరున్న ప్రొఫెసర్ ఆవిడ. ఆవిరులను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే పని, చేతికి లేటెక్స్ (సహజ రబ్బరు) గ్లౌజులున్నాయి. పైపెట్ నుంచి ఒకటి రెండు చుక్కలు గ్లౌజు మీద పడ్డాయి. పని ముగించి, గ్లౌజులు విప్పి, చేతులు కడుక్కున్నారు. సుమారు ఐదు నెలల తర్వాత నడక తడబడింది, మాట తడబడింది. 1997 జూన్ 8న మరణించారు. గ్లౌజులను పరీక్షించి చూస్తే తేలిందేమిటంటే, డైమిథైల్ మెర్క్యురీ ఆ రకం గ్లౌజును దాటడానికి 15 సెకన్లు కూడా పట్టదు. గ్లౌజుకు చిల్లు లేదు. అప్పటి పద్ధతుల ప్రకారం ఆవిడ చేసిన తప్పూ లేదు.

నీళ్లలో కరిగిన పాదరసం లవణాన్ని ఆపిన రబ్బరు, నూనెలాంటి పాదరసం సమ్మేళనాన్ని ఆపలేకపోయింది. ఎందుకు? మీ ఇంట్లో ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బాను తలుచుకోండి. ఎన్నిసార్లు తోమినా ఆ వాసన, ఆ ఎర్రదనం పోవు. డబ్బాకు చిల్లేమీ లేదు, కానీ నూనె ప్లాస్టిక్‌లోకి ఇంకింది. అదే డబ్బాలో ఏడాదిపాటు నీళ్లు పోసి ఉంచినా అలా ఇంకవు. గ్లౌజూ అంతే. కొన్ని ద్రవాలు దాని పదార్థంలో కరిగి, అణువు తర్వాత అణువుగా ఒక పక్క నుంచి రెండో పక్కకు చేరుకుంటాయి. బయటికి గ్లౌజు చెక్కుచెదరకుండా కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి ఏ రసాయనం విషయంలోనైనా మీరు వేయాల్సిన ప్రశ్న ఇది: ఇది ఈ గ్లౌజును దాటడానికి ఎంతసేపు పడుతుంది?

డబ్బా మీది అక్షరాలు

జవాబు గ్లౌజుల డబ్బా మీదే ఉంటుంది, చూసేవాళ్లే తక్కువ. రసాయనాలకు పనికొచ్చే గ్లౌజుల డబ్బా పక్కకు తిప్పితే చిన్న ఫ్లాస్కు బొమ్మ, దాని దగ్గర 374 అనే అంకె, కింద కొన్ని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. ఇది ఐరోపా ప్రమాణం. ఒక్కో అక్షరం ఒక్కో రసాయనానికి గుర్తు. బి అంటే అసిటోన్, డి అంటే డైక్లోరోమీథేన్ (పొట్టిగా డీసీఎం), ఎఫ్ అంటే టోలుయీన్, కె అంటే 40 శాతం కాస్టిక్ సోడా, ఎల్ అంటే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, పి అంటే 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, టి అంటే 37 శాతం ఫార్మాల్డిహైడ్.

మన ల్యాబుల్లో ఎక్కువగా కనిపించే పల్చని నీలం నైట్రైల్ (ఒక కృత్రిమ రబ్బరు) గ్లౌజుల డబ్బా మీద తరచూ ఉండేవి కె, పి, టి. పక్కన టైప్ బి అని ఉంటే ఆ మూడింటినీ కనీసం 30 నిమిషాలు ఆపుతుందని అర్థం. (ఈ టైప్ బి వేరు, అసిటోన్‌కు గుర్తయిన బి వేరు. రెంటినీ కలిపేసి అసిటోన్‌కు భయం లేదనుకున్నవాళ్లను చూశాను.) ఇప్పుడు ఆ వరుసలో లేని అక్షరాలు చూడండి. బి లేదు, డి లేదు. అసిటోన్‌తో గాజుసామాను కడిగేటప్పుడు, మిశ్రమాన్ని వేరుచేయడానికి డీసీఎంతో కాలమ్ వేసేటప్పుడు మనం వేసుకునేవి సరిగ్గా ఈ గ్లౌజులే. డీసీఎం ఆ పొరను దాటడానికి నిమిషం, రెండు నిమిషాలు చాలు. చేతికి చల్లగా తగిలిందంటే అప్పటికే లోపలికి వచ్చేసిందని అర్థం.

అంటే నైట్రైల్ వాడకూడదని కాదు. పల్చని గ్లౌజు చుక్క పడినప్పుడు విప్పేసే వ్యవధి ఇవ్వడానికి ఉంది. చుక్క పడింది, ఆ క్షణమే విప్పాలి, చేతులు కడుక్కోవాలి, కొత్తది వేసుకోవాలి. ‘కాలమ్ నుంచి వచ్చే ఈ ఒక్క ఫ్రాక్షన్ అయ్యాక మారుస్తాను’ అనకూడదు. ఎక్కువసేపు తడిసే పని అయితే అసిటోన్‌కు బ్యూటైల్ రబ్బరు, డీసీఎంకు పొరలు పొరలుగా అతికించిన లామినేట్ గ్లౌజులు కావాలి. లామినేట్‌వి చేతికి సంచి తొడిగినట్టు వదులుగా ఉంటాయి, వేళ్లు మొద్దుబారినట్టు అనిపిస్తుంది. అందుకని పైన ఒక బిగుతైన నైట్రైల్ జత వేసుకుంటారు.

ఇంకో మాట. ఈ పరీక్షలు చేసేది 23 డిగ్రీల దగ్గర. మే నెలలో ఏసీ ఆగిపోయిన ల్యాబులో 38 డిగ్రీల వేడికి ఆ నిమిషాలు ఇంకా తగ్గుతాయి. వేసుకునే ముందు ఉంగరాలు తీయండి, పొడవాటి గోళ్లు కత్తిరించుకోండి. గాజులు వేసుకునేవారు వాటిని పైకి జరిపి, కోటు చెయ్యి మీదుగా గ్లౌజు అంచు వచ్చేలా లాగండి.

ఎంగిలి

ఇక రెండో విషయం. తెలుగింట పెరిగినవారు దీన్ని నాలుగో ఏటే నేర్చుకున్నారు, ల్యాబుకు వచ్చి మరిచిపోయారంతే.

కుడి చేత్తో తింటున్నాం. పప్పు ఇంకొంచెం కావాలి. గరిటె ఏ చేత్తో పట్టుకుంటాం? కుడి చేత్తో పట్టుకుంటే ‘ఎంగిలి!’ అని కేక వినిపిస్తుంది. గరిటె ఎంగిలైతే గిన్నె ఎంగిలి, గిన్నె ఎంగిలైతే అందులోదంతా ఎంగిలి. కంటికి కనిపించదు, అయినా ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పాకిందో ఇంట్లో అందరికీ తెలుసు. గ్లౌజు వేసుకున్న చేయి ఎంగిలి చేయి. ఫ్రిజ్ పిడి, తలుపు, లిఫ్టు బటన్, ఫోను, మీ కళ్లజోడు – ఇవి గరిటెలు.

ఇది నమ్మని కొత్తవారి కోసం నేనొక చిన్న ఆట పెడతాను. రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, అతినీలలోహిత దీపం కింద పసుపు కలిసిన ఆకుపచ్చగా మెరుస్తుంది. దాన్ని నీళ్లలో కలిపి ఒకరి గ్లౌజులకు కొద్దిగా రాసి, అరగంట మామూలుగా పని చేసుకోమంటాను. తర్వాత దీపాలార్పి యూవీ టార్చి వేస్తాం. ఒకసారి ఒక అబ్బాయి విషయంలో సెంట్రిఫ్యూజ్ మూత, ఫ్రిజ్ పిడి, కీబోర్డులో స్పేస్ బార్ వెలిగాయి. ఇవి ఊహించినవే. అందరూ నవ్వడం మొదలుపెట్టాక టార్చి ఆ అబ్బాయి ముఖం మీదికి తిప్పాం. ముక్కు పక్కన ఒక వేలిముద్ర, కళ్లజోడు మధ్య భాగంలో ఇంకొకటి. ‘నేను ముఖం ముట్టుకోనే లేదు సార్’ అన్నాడు. జారిపోతున్న కళ్లజోడును వేలితో పైకి తోసుకోవడం మనకు లెక్కలోకి రాని పని మరి.

నమూనాను ఒక గది నుంచి ఇంకో గదికి తీసుకువెళ్లాల్సి వస్తే ఒక చేతికే గ్లౌజు ఉంచుకోండి. ఆ చేత్తో డబ్బా పట్టుకుని, ఖాళీ చేత్తో తలుపు తీయండి. కుడి చేత్తో తింటూ ఎడమ చేత్తో వడ్డించుకోవడమే ఇది. డీఎన్‌ఏను చూడడానికి జెల్ వేసే చోటులాంటివి కొన్ని మొత్తంగా ఎంగిలి ప్రాంతాలు. డీఎన్‌ఏకు అంటే రంగు ఇథిడియం బ్రోమైడ్ వాడే బల్ల మీది కీబోర్డు, మౌసు, డ్రాయరు పిడి అన్నీ ఎంగిలే. అక్కడ నియమం తిరగబడుతుంది: ఉత్త చేత్తో ముట్టుకోకూడదు. అలాంటి చోట ఒక చీటీ అంటించి ఉండాలి. మీ ల్యాబులో లేకపోతే మీరే అంటించండి, కొత్తవారు అడగకుండా చేయగల మంచిపని.

విప్పడం

అసలు నైపుణ్యం ఇక్కడుంది. లాగి పడేస్తే విప్పినట్టు కాదు. కుడి చేతి వేళ్లతో ఎడమ గ్లౌజును మణికట్టు దగ్గర, లోపలి వైపు, అంచుకు ఒక అంగుళం కింద చిటికెతో పట్టుకోండి. చర్మం తగలకూడదు, గ్లౌజు మాత్రమే. వేళ్ల వైపు నెమ్మదిగా లాగితే అది లోపలిది బయటికి తిరుగుతూ ఊడివస్తుంది. దాన్ని కుడి గుప్పిట్లో ముద్దగా పట్టుకోండి. ఇప్పుడు ఎడమ చేయి ఉత్తది. దాని రెండు వేళ్లను కుడి గ్లౌజు అంచు లోపలికి, చర్మానికి ఆనించి దూర్చండి. ఇక్కడే అందరూ తడబడతారు, అలవాటు కొద్దీ బయటి వైపు పట్టుకుంటారు. లోపలి నుంచే బయటికి మడుస్తూ లాగితే రెండో గ్లౌజు మొదటిదాన్ని తనలో మూటగట్టుకుని వస్తుంది. ఎంగిలంతా లోపలికి పోయిన చిన్న ఉండ మిగులుతుంది. దాన్ని పడేసి, సబ్బుతో చేతులు కడుక్కోండి.

చదివితే వచ్చేది కాదిది. ఇంట్లోనే సాధన చేయండి. గ్లౌజులు వేసుకుని, చెంచాడు పసుపు నీళ్లలో కలిపి రెండు చేతులకూ పట్టించుకోండి. తర్వాత విప్పి, వేళ్లూ మణికట్టూ చూసుకోండి. మొదటిసారి కుడి మణికట్టు మీద పచ్చని గీత దాదాపు తప్పదు. వరసగా మూడుసార్లు మచ్చ పడకపోతే వచ్చేసినట్టే. పాత చొక్కాతో చేయండి, పసుపు మరకకు నేను జవాబుదారీ కాదు.

కొన్ని పొట్టి మాటలు

లేతు, డ్రిల్లింగ్ యంత్రం దగ్గర గ్లౌజులు వేసుకోకండి. తిరిగే భాగానికి కొస చిక్కితే గ్లౌజుతోపాటు చేయీ వెళుతుంది. స్పిరిట్ దీపం దగ్గర, అప్పుడే ఇథనాల్ చల్లిన గ్లౌజుతో చేయి పెట్టకండి. లిక్విడ్ నైట్రోజన్‌కు నైట్రైల్ పనికిరాదు. విదిలిస్తే ఊడిపోయేంత వదులుగా ఉండే ప్రత్యేకమైన గ్లౌజులు కావాలి, అవి ఉన్నా చేయి ద్రవంలో ముంచకూడదు.

ఒకసారి వాడి పడేసే గ్లౌజులను కడిగి కుళాయి మీద ఆరేసే అలవాటు మన ల్యాబుల్లో ఉంది. డబ్బు ఆదా అంటారు. ఆవకాయ డబ్బా గుర్తుందిగా? పైపైన కడిగితే పోయేది పైనున్నదే, పొరలోకి ఇంకినది రాత్రంతా లోపలి వైపు ప్రయాణం చేస్తూనే ఉంటుంది. పొద్దున్నే వేసుకునేసరికి చర్మం కోసం సిద్ధంగా ఉంటుంది. ఈ విషయంలో నాకు రాజీ లేదు.

రక్తం, కణజాలం అంటిన గ్లౌజులు 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఎర్ర సంచిలోకి వెళతాయి. రసాయనం అంటినవి మీ సంస్థ రసాయన వ్యర్థాల డబ్బాలోకి. రెండూ కాగితాల బుట్టలోకి వెళ్లకూడదు, దాన్ని ఉత్త చేతులతో ఖాళీ చేసే మనిషి ఒకరున్నారు.

ఈ వారం పని

మీ ల్యాబులోని ప్రతి గ్లౌజుల డబ్బా తిప్పి, ఫ్లాస్కు బొమ్మ కింది అక్షరాలు రాసుకోండి. బొమ్మే లేని డబ్బా దొరికితే దాన్ని రసాయనాలకు వాడకండి. మీరు రోజూ వాడే మూడు ద్రావకాలను ఆ అక్షరాల పక్కన రాసి, దేనికి రక్షణ ఉందో, దేనికి లేదో గుర్తు పెట్టుకోండి. ఆ కాగితం మీ సీనియర్‌కు చూపించి, లేనిదానికి ఏం వాడుతున్నారో అడగండి.

వచ్చే పాఠం కళ్ల గురించి. దానికి ముందుగా ఒకటి చేసి ఉంచండి: మీ బెంచీ దగ్గర కళ్లు మూసుకుని నిలబడి, ఐవాష్ (కళ్లు కడుక్కునే కుళాయి) దాకా నడిచి వెళ్లి మీట నొక్కండి. ఎన్ని సెకన్లు పట్టిందో, దారిలో ఏం తగిలిందో, వచ్చిన నీళ్లు ఏ రంగులో ఉన్నాయో రాసుకురండి.